కాప్రా కొర్రమీనూ, మాస్టారి రూపాయంత చూపూ

సూక్ష్మదర్శినిని రైల్లో తీసుకెళ్లేవాళ్లకి నా మొట్టమొదటి సలహా, దాన్ని పరుపుచుట్టలో పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి. కాళ్లు తిమ్మిరెక్కుతాయి. తోటి ప్రయాణికులు అదేమిటి ఇదేమిటి అని ప్రాణం తోడేస్తారు. అయినా సరే ఒళ్లోనే పెట్టుకోండి. రజాకార్ల గొడవల్లో సికింద్రాబాద్ వదిలి వచ్చినప్పుడు నేను దాన్ని పరుపుచుట్టలో దాచి తెచ్చాను. గుంటూరు చేరి విప్పి చూసుకునేదాకా నా గుండె నా దగ్గర లేదు.

అది నాది కాదు. నాకు సైన్సు చెప్పిన దేవదాసు మాస్టారిది. ఆ రోజుల్లో రైలెక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. అయినా మాస్టారు స్టేషన్‌దాకా వచ్చి, "ఇల్లు లూటీ అయితే అవనీ సుగుణా, ఇది మాత్రం నీ దగ్గర క్షేమంగా ఉంచు, రోజులు బాగుపడ్డాక తెచ్చిద్దువుగాని" అని నా చేతిలో పెట్టారు. ఆయనా, భార్య రత్నమ్మగారూ మాత్రం ఇల్లు కదల్లేదు. నేను గుంటూరులో ఆడపిల్లల బడిలో జంతుశాస్త్రం టీచరుగా కుదురుకున్నాను. పోలీసు చర్య జరిగింది. రోజులు కొంచెం కొంచెంగా బాగుపడ్డాయి.

మరుసటి ఏడాది వానాకాలంలో మా మేనమామ సికింద్రాబాద్ నుంచి ఒక పెళ్లికి వచ్చి చెప్పాడు, మాస్టారికి నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తోందట. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగిలింది, క్రిస్మసు నాటికి అదీ ఉండదన్నాడట డాక్టరు. "మీ మాస్టారి కోరిక ఏంటో తెలుసా? ఆ కాస్త చూపూ పోయేలోగా కొర్రమీను పిల్ల తోకలో నెత్తురు పరిగెత్తడం ఇంకొక్కసారి చూడాలట. ఆయనకేదో పిచ్చి పట్టిందే" అన్నాడు మామయ్య.

పిచ్చేమీ కాదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆయన మాకు చూపించింది అదే. నేను ఈ చదువు చదివింది ఆ ఒక్క చూపు వల్లే. మరునాడే సెలవు అడిగాను. హెడ్‌మిస్ట్రెస్ "ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అంది. "కొర్రమీనుకి" అనబోయి నాలుక కరుచుకున్నాను.

గుంటూరు నుంచి బెజవాడకు ముందురోజు సాయంత్రమే వెళ్లి, చుట్టాలింట్లో పడుకుని, తెల్లవారుతూనే సికింద్రాబాద్ పాసింజరెక్కాను. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరకాలంటే అరగంట ముందు రావాలి. ఇడ్లీలు ఇంటి నుంచే కట్టుకోవాలి. మన రూపాయలు అక్కడ చెల్లుతాయి గానీ చిల్లర నిజాం నాణెం హాలీ సిక్కాలో ఇస్తారు, లెక్క మనకి అంతుపట్టదు. ఊరికే గొడవపడకండి, నేను పడి చూశాను.

ఎర్రుపాలెం దాటాక కరోడ్‌గిరీ వాళ్లు, అంటే సరిహద్దు సుంకం వాళ్లు, పెట్టెలోకి వచ్చారు. కోరమీసాల అధికారి ఒకాయన నా ఒళ్లో చెక్కపెట్టె తెరిచి ఇత్తడి గొట్టం చూడగానే మొహం మార్చాడు.

"ఏందమ్మా ఇది? తుపాకికి పెట్టే దుర్బీనా?"

"కాదండీ. చిన్నవాటిని పెద్దవి చేసి చూపిస్తుంది. మీ మీసంలోంచి ఒక్క వెంట్రుక ఇప్పించండి, చూపిస్తాను."

పెట్టెలో ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు, కానీ నిజంగానే ఒకటి పీకి ఇచ్చాడు. గాజుపలక మీద పెట్టి, కిటికీ వెలుతురు అద్దంతో పైకి పట్టి చూపించాను. వంగి చాలాసేపు చూశాడు. "అరే, తాడు లెక్కుంది" అని లేచి, మీసం దువ్వుకుని, సుంకం సంగతే మరిచి దిగిపోయాడు.

డోర్నకల్‌లో ఒక ముసలామె బురఖాలో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ప్రతి స్టేషన్‌లోనూ తల బయటపెట్టి ప్లాట్‌ఫారం మీది మొహాలు వెతుకుతోంది. కిందటేడు ఆ గొడవల్లో ఇల్లు వదిలిన కొడుకు ఇంకా తిరిగి రాలేదని తనే చెప్పింది. కాజీపేటలో ఇద్దరం టీ తాగాం. నా పెట్టె సంగతి అడిగితే, చూడ్డానికి పనికొచ్చే యంత్రమని చెప్పాను.

"ఎంత దూరమున్నోల్లు కనబడతరు బేటీ దీంట్ల?" అంది.

"దూరమున్నవాళ్లు కనపడరమ్మా. దగ్గరున్నవే, కంటికి ఆననివి కనపడతాయి" అన్నాను. "అచ్ఛా" అని, ఆమె ఆ పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. తర్వాత నాకు కునుకు పడితే, లేచేసరికి పెట్టె ఆమె ఒళ్లో ఉంది, జారిపోకుండా రెండు చేతులూ చుట్టి పట్టుకుని.

సికింద్రాబాద్‌లో దిగేసరికి దీపాలు పెట్టే వేళైంది. స్టేషన్ బయట మిలిటరీ లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, జవాన్లు మిరపకాయ బజ్జీలు తింటున్నారు. నేను వెళ్లిపోయిన రాత్రి ఇదే చోట నిలువుకాళ్ల మీద వణికాను. ఇప్పుడు టాంగావాడితో కిరాయి దగ్గర తెగబేరాలాడాను. చిలకలగూడ దాటి, ఇప్పుడు పద్మారావు నగర్ అంటున్న వైపు, గూనపెంకుల ఇల్లు మాస్టారిది.

రత్నమ్మగారు ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని, "ఏందీ సుగుణా, గిట్ల చిక్కిపోయినవ్? గుంటూర్ల తిండి దొర్కదా బిడ్డా?" అంది. వెనక నుంచి మాస్టారు వచ్చారు. నేను చాపిన చెయ్యి ఆయనకి కనపడలేదు. తలుపు రెక్కకి భుజం తగిలింది. మెల్లగా తల తిప్పుతూ, దీపం పట్టుకుని వెతికినట్టు వెతికి, నా మొహం దగ్గర ఆగారు.

"ఆఁ, దొరికావు. చెవులకి కొత్త దుద్దులా? బాగున్నాయి."

అదే చిత్రం. గుమ్మం కనపడదు, దుద్దు మీద చెక్కిన పువ్వు కనపడుతుంది. పెట్టె ఆయన చేతుల్లో పెట్టాను. మూత తీసి, గొట్టాన్ని, మరలని, అద్దాన్ని వేళ్లతో తడిమారు. తర్వాత "చేప?" అన్నారు. రేపు తెస్తానన్నాను.

శనివారం పొద్దున్న టాంగాలో మల్కాజిగిరి మీదుగా కాప్రా బయలుదేరాను. ఎవరైనా వెళ్తే గొడుగు మరవకండి, బిస్కట్లు కూడా, దారిలో ఏమీ దొరకవు. మాస్టారు వస్తానన్నారు గానీ రోడ్డు గుంతలమయం, రత్నమ్మగారు ససేమిరా పంపలేదు. వానలకి చెరువు నిండుగా ఉంది. తూటాకు తీగల మధ్య నీళ్లు నల్లగా నిలిచి ఉన్నాయి. మల్లయ్య అనే బెస్తాయన తెప్ప మీద ఉన్నాడు. నాకేం కావాలో చెప్తే నన్ను ఎగాదిగా చూశాడు.

"పెద్ద కొర్రమట్ట ఇస్త. పిల్లలేంటికమ్మా? గా నలుసులతోని కూరైతదా?"

"కూరకి కాదయ్యా, చూడ్డానికి."

"చూస్తందుకా!" అని పక్కనున్న భార్యతో ఏదో అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది.

పెద్దది, మూరెడు పొడుగుది, వలలోంచే తీసి ఇచ్చాడు. పిల్లల కోసం తూటాకు అంచుకి తీసుకెళ్లాడు. నీళ్ల పైపొరలో పసుపూ ఎరుపూ కలిసిన చిన్న మబ్బు ఒకటి కదులుతోంది. వేల పిల్లలు. దాని కిందనే తల్లో తండ్రో, నల్లటి నీడ. ఆ నీడ నెమ్మదిగా పైకి లేచింది. ముక్కుకొన నీళ్లు దాటింది, గుటుక్కుమని చప్పుడైంది, మళ్లీ మునిగింది. అంతే. గాలి తాగిందది. బడిలో నల్లబల్ల మీద సుద్దతో గీసి చెప్పే పాఠం నా చెవికి వినబడగానే ఒళ్లు జలదరించింది. మొప్పలుండీ గాలికోసం పైకి వచ్చే జీవి. తల లోపల, మొప్పలకి పైన, రెండు చిన్న గదులుంటాయి దానికి. గుటకేసిన గాలి అక్కడ నిలుస్తుంది, నెత్తురు అక్కడే ఊపిరి పోసుకుంటుంది. కప్పల్ని, తోటి చేపల్ని మింగి బతికే ఆ దుర్మార్గపు జీవి, పిల్లల్ని కాస్తున్నన్నాళ్లూ వాటి చుట్టూనే తిరుగుతుంది.

"దాన్ని పట్టం. పిల్లల కాడ ఉన్నదాన్ని పడ్తె మల్ల ఏడాది చెరువుల ఏం మిగుల్తది?" అన్నాడు మల్లయ్య. భార్య కొంగుతో గుప్పెడు పిల్లల్ని తోడి నా పెద్దమూతి సీసాలో పోసింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, ఆకాశం మూసుకుపోయింది. ఈ యంత్రానికి ఎండ కావాలి, అద్దం మీద పడ్డ ఎండే పైకి వెళ్లి కంటికి చేరాలి. ఆ మసక వెలుతుర్లో మాస్టారి కన్ను ఏమీ పట్టలేదు. సరే రేపు చూద్దామన్నాం. పెద్దదాన్ని ఇత్తడి గంగాళంలో సగం నీళ్లు పోసి ఉంచాను. పిల్లల్ని అదే సీసాలో వదిలేశాను. రత్నమ్మగారు చింతపండు పులుసూ, అప్పడాలూ పెట్టింది. తెల్లవార్లూ గుటుక్కుమనే చప్పుడు వింటూ పడుకుందామనుకున్నాను, కానీ ప్రయాణపు బడలికకి మంచం ఎక్కడమే గుర్తుంది.

ఆదివారం పొద్దున్న వంటింట్లోంచి రత్నమ్మగారి కేక వినబడి పరిగెత్తాను. గంగాళం అంచులదాకా నీళ్లు. పైన ఇత్తడి పళ్లెం, దాని మీద రుబ్బురోలు పొత్రం. పళ్లెం తీసి ఆవిడ నిలబడిపోయి ఉంది. లోపల చేప వెల్లకిలా తేలుతోంది.

"నేను నీళ్లే పోసిన సుగుణా. రాత్రి నల్లా మంచిగొచ్చింది. సగమే ఉన్నయ్, పాపం చెరువుల ఉండేటిది, తక్లీఫైతదేమోనని నిండ పోసిన. కొర్రమీను ఎగిరి పోతది గద, పిల్లిగాడు సుత తిరుగుతుండు, మా అమ్మ ఎప్పుడు గిట్లనే బరువు పెట్టేది..."

చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు. చేప నీళ్లలో మునిగి చస్తుందంటే ఎవరు నమ్ముతారు? కానీ జరిగింది అదే. పైకి వచ్చి గుటకెయ్యడానికి పళ్లేనికీ నీళ్లకీ మధ్య వేలెడు సందు లేదు. ఇంటికొచ్చిన చుట్టానికి కంచం నిండా వడ్డించినట్టు ఆవిడ నీళ్లు పోసింది. ఆ ప్రేమే దానికి ఊపిరాడనివ్వలేదు.

ఆ పక్కనే సీసా. దాన్ని కూడా మెడదాకా నింపి, చిప్పమూత పెట్టి, మీద సన్నికల్లు రాయి పెట్టింది. మర్నాడు పొద్దున్నే నా రైలు, మళ్లీ సెలవు దొరికేది డిసెంబర్లోనే, అప్పటికి మాస్టారి చూపు ఉండదు. మూత తియ్యడానికి చెయ్యి రాలేదు.

మాస్టారు గోడ తడుముకుంటూ వచ్చారు. విషయం చెప్పాను. రత్నమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "మీ కండ్లు నేనే పొడిచినట్టైంది" అంది.

"ముప్ఫై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను, కొర్రమీను గాలి పీలుస్తుందని. ఇంట్లో నీకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు" అన్నారు ఆయన. "సీసా మూత తియ్యి సుగుణా."

తీశాను. అడుగున ఏమీ కదల్లేదు. సీసా వెలుతురుకి ఎత్తాను. పాచి ముక్క వెనక నుంచి ఒకటి, తర్వాత మూడు, తర్వాత అన్నీ, పసుపుపచ్చ పిల్లలు బిలబిలా బయటికి వచ్చాయి. అన్నీ బతికే ఉన్నాయి!

మాస్టారికి అదే చెప్పాను. ఆయన అన్నారు, "వీటికింకా ఆ గదులు తయారవలేదమ్మా. ఇప్పుడు ఒట్టి చేపలే. చర్మంతోనూ మొప్పలతోనూ నీళ్లనే పీల్చుకుంటున్నాయి. కొన్ని వారాలు పోతే తలలో ఆ గదులు విచ్చుకుంటాయి. అప్పటినుంచి నీళ్లు చాలవు, పైకి రాక తప్పదు." పెద్దదాన్ని చంపిన నీళ్లే పిల్లల్ని కాచాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. కానీ తెలియడం వేరు, వంటింట్లో కళ్లెదుట చూడడం వేరు. దేవుడు ఒకే చేపని రెండుసార్లు చేస్తాడని అప్పుడనిపించింది.

బయట ఇంకా మబ్బే. చర్చికి వెళ్లాం. రత్నమ్మగారు ఒక్క పాటకీ నోరు కలపలేదు, కళ్లు మూసుకునే కూర్చుంది. పాస్టరుగారి ప్రసంగం ఆ రోజు మరీ సాగింది. పాపం ఆయనకేం తెలుసు మా తొందర. బయటికి వచ్చేసరికి నేల మీద నీడలు పడుతున్నాయి. ఎండ! మాస్టారి చెయ్యి పట్టుకుని దాదాపు పరుగెత్తించాను.

అరుగు మీద బల్ల వేసి, అద్దాన్ని ఎండకి తిప్పాను. ఒక పిల్లని తీసి, తడిదూదిలో ఒళ్లంతా చుట్టి, తోక మాత్రం గాజుపలక మీద పరిచాను. ముందు నేను చూశాను. గాజులాంటి తోకరెక్క, సన్నటి ముళ్లు, వాటి మధ్య దారాల్లాంటి కాలువలు. కాలువల్లో కోలగా ఉన్న కణాలు, ఒక్కోదాని నడుమ చిన్న చుక్క, ఒకదాని వెనక ఒకటి. గుండె కొట్టినప్పుడల్లా వాటికి ఒక తోపు. మలుపు ఇరుకైన చోట ఒక్కొక్కటీ ఒళ్లు వంచుకుని దాటుతోంది. వేలిగోరంత లేని ప్రాణిలో అంత రాకపోకలు. కళ్లు తుడుచుకుని లేచి, మాస్టారిని కూర్చోబెట్టాను.

ఆయన కన్ను గొట్టానికి ఆనించి, తల కాస్త అటూ ఇటూ కదిపి, ఆగిపోయారు. ఊపిరి కూడా పీల్చినట్టు లేదు. నేను దూది మీద చుక్క చుక్కగా నీళ్లు వేస్తూ నిలబడ్డాను.

"సుగుణా, దీంట్లో నీకెంత మేర కనపడుతుంది?"

"గుండ్రంగా, రూపాయి బిళ్లంత మాస్టారూ. చుట్టూ చీకటే."

"నాకూ అంతే" అన్నారు. "నాకూ అంతే! ఏడాదిగా ఇంట్లో, వీధిలో అందరికంటే తక్కువ చూస్తున్నాను. ఇక్కడ మాత్రం నాకేమీ తగ్గలేదు."

ఆయన మొహం చూసి నేను ఏడ్చేశాను, దాచుకోలేదు. ఆయన లేచి, "రత్నం, రా" అన్నారు. ఆవిడ వెనక్కి తగ్గింది. "నాకెందుకయ్యా, మల్ల ఏదన్న చేస్త." ఆయన వినలేదు. భుజాలు పట్టి కూర్చోబెట్టి, ఏ కన్ను మూయాలో చెప్పారు. చాలాసేపు ఏమీ కనపడలేదంది. ఉన్నట్టుండి ఒళ్లు కదలకుండా బిగుసుకుపోయింది.

"ఉరుకుతున్నయ్" అంది మెల్లగా. "ఏందయ్యా గివి, లైన్ కట్టి ఉరుకుతున్నయ్. ఒకటి మూల మీద అడ్డం పడ్డది. అగో, ఎన్కది దాన్ని తోసింది. పోయింది."

మాస్టారు కళ్లు మూసుకుని వింటున్నారు. "ఎటు పోయింది?" అన్నారు.

"కుడి దిక్కు. సన్న గల్లీలకు."

పిల్లని మళ్లీ సీసాలో వదిలాను, విదిలించుకుని గుంపులో కలిసిపోయింది. ఈసారి సీసా సగమే నిండి ఉంది. మూత లేదు, బదులు పల్చటి గుడ్డ కట్టింది రత్నమ్మగారు. రేపోమాపో గాలి అవసరమైతే, అని నాకు అర్థం చెప్పింది కూడా. పెద్దచేపని మాస్టారు కోయించి, తలలో ఆ ఎర్రటి గదులు వేలితో తడిమి చూశారు. మిగిలింది ఆవిడ పులుసు పెట్టింది. తినడానికి నాకు మనసొప్పలేదు గానీ తిన్నాను, బాగుంది.

సోమవారం పొద్దున్న టాంగా వచ్చింది. ఇక కళ్లు పోయే మనిషికి సూక్ష్మదర్శిని దేనికి, బడిలో పిల్లలకి చూపించు, అని మాస్టారే పెట్టె తెచ్చి నా చేతికివ్వబోయారు. రత్నమ్మగారు మధ్యలో అడ్డుపడి లాక్కుంది.

"ఆయనకు పోతె పోతయ్. నాకున్నయ్ గద కండ్లు" అంది. "నేను చూసి చెప్త, ఆయన ఇంటడు. జెర ఆ అద్దం తిప్పుడొకటి మంచిగ నేర్పిచ్చిపో."

టాంగావాడు గొణుగుతుంటే అరుగు మీద కూర్చుని నేర్పాను. రైలు అందుకోవడం గగనమైంది.

తిరుగు ప్రయాణంలో ఒడి తేలిగ్గా ఉంది, చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. కాజీపేటలో, డోర్నకల్‌లో ఆ ముసలామె కోసం నేను కూడా కిటికీలోంచి తల బయటపెట్టి మొహాలు వెతికాను. కనపడలేదు. డోర్నకల్ దాటాక పట్టాల పక్క గుంటలన్నీ వాననీళ్లతో నిండి ఉన్నాయి. సరిహద్దులో మళ్లీ ఆ కోరమీసాల అధికారే ఎక్కి, నా ఒడి వైపు చూసి, "దుర్బీన్ ఏదమ్మా?" అన్నాడు. ఇచ్చేశానన్నాను. "ఎవలకు?" అన్నాడు.

జవాబు చెప్పేలోగా రైలు కదిలింది, ఆయన దూకేశాడు. అప్పుడే పక్క గుంటలో ఒక నల్లటి ముక్కు నీళ్లు దాటి పైకి వచ్చి, ఒక గుటక గాలి తాగి, మునిగింది. పెట్టెలో ఎవరూ చూడలేదు. నేను చూశాను, వెంటనే పక్కనున్నామెకి చెప్పాను, అదిగో అక్కడ, కొర్రమీను, ఊపిరి పీల్చుకుంటోంది అని.